ఇంట్లో ఏ వస్తువు ఎక్కడ ఉండాలి?

ఉదయం ఎనిమిది గంటల వేళ మన ఇళ్లలో వినిపించే ప్రశ్నలను ఒకసారి గుర్తు చేసుకోండి. "అమ్మా, నా బెల్టు ఎక్కడ?" "కరెంటు బిల్లు ఎక్కడ పెట్టావు?" "నెయిల్ కట్టర్ కనిపించడం లేదు." ఇవన్నీ వంటగది వైపే వెళతాయి. జవాబులూ అక్కడి నుంచే వస్తాయి. "తలుపు వెనక మేకుకు చూడు." "ఫ్రిజ్ మీద డబ్బాలో ఉంటుంది." వస్తువు దొరుకుతుంది, అడిగినవారు తమ దారిన తాము వెళ్లిపోతారు. ఈలోగా పొయ్యి మీద పోపు మాడుతుంది.

ఆ ఇంట్లో అమరిక లేదని దీని అర్థం కాదు. అమరిక ఉంది. అయితే అది అలమరలో లేదు, ఒక మనిషి తలలో ఉంది. ఆమె రెండు రోజులు ఊరికి వెళితే ఇల్లంతా తిరగేసినా అగ్గిపెట్టె దొరకదు. జాతీయ గణాంక కార్యాలయం 2024లో జరిపిన సమయ వినియోగ సర్వే ప్రకారం, ఆరేళ్లు నిండిన వారిలో జీతం లేని ఇంటిపనులు చేసే స్త్రీలు వాటికి రోజుకు సగటున 289 నిమిషాలు వెచ్చిస్తున్నారు. పురుషులు వెచ్చిస్తున్నది 88 నిమిషాలు. వెతికిపెట్టడం, ఎక్కడుందో చెప్పడం, ఇతరులు వాడి వదిలేసినదాన్ని తీసి యథాస్థానంలో పెట్టడం కూడా ఇంటిపనే. కాని వాటిని పనిగా ఎవరూ లెక్కపెట్టరు.

కాబట్టి ఈ పాఠంలో ఇంటి అమరికకు మనం ఒక కొలత పెట్టుకుందాం. ఇంట్లో ఎవరైనా, ఎవరినీ అడగకుండా, కావలసిన వస్తువును తీసుకోగలగాలి. వాడిన తరువాత వారే దాన్ని అక్కడే తిరిగి పెట్టగలగాలి. చూడటానికి అందంగా ఉందా లేదా అన్నది ఆ తరువాతి సంగతి.

ముందు తీసివేత, ఆ తరువాత అమరిక

ఇల్లు సర్దుదామనుకోగానే చాలామంది బజారుకు వెళ్లి ప్లాస్టిక్ బుట్టలు, మూతల డబ్బాలు కొనుక్కొస్తారు. దీనివల్ల సర్దవలసిన సామానుకు మరో అరడజను వస్తువులు తోడవుతాయి. అంతకంటే నష్టం ఏమిటంటే, అక్కరలేని వస్తువులకు కూడా ఒక్కొక్క ఇల్లు కట్టి ఇచ్చినట్లవుతుంది.

జపాన్ కర్మాగారాల్లో రూపుదిద్దుకుని, మన దేశంలోని అనేక ఫ్యాక్టరీల్లోనూ అమలవుతున్న 'ఫైవ్ ఎస్' పద్ధతి గురించి మీలో కొందరు విని ఉంటారు. సెయిరి, సెయిటోన్, సెయిసో, సెయికెట్సు, షిట్సుకె అనేవి అందులోని ఐదు మెట్లు. అంటే వరుసగా వేరుచేయడం, అమర్చడం, శుభ్రపరచడం, అందరూ ఒకే పద్ధతి పాటించడం, దాన్ని అలవాటుగా నిలుపుకోవడం. ఈ వరుసలో అమర్చడం రెండోది, అక్కరలేనిదాన్ని వేరుచేయడం మొదటిది. ఈ పద్ధతి పాటించే వర్క్‌షాపుల్లో గోడ మీది బోర్డుపై ప్రతి పనిముట్టు ఆకారాన్నీ రంగుతో గీసి, ఆ గీత మీదనే దాన్ని తగిలిస్తారు. సాయంత్రం ఏ ఆకారం ఖాళీగా కనిపిస్తే ఆ పనిముట్టు తిరిగి రాలేదన్నమాట. ఆ సంగతి చెప్పడానికి మేస్త్రీయే అక్కర్లేదు. నిన్న పనిలో చేరిన కుర్రవాడూ చెప్పగలడు. మన ఇంట్లో తాళంచెవుల మేకుల కింద పేర్లు రాసిపెట్టినా ఇదే ఫలితం వస్తుంది.

ఆదివారం నాడు ఇల్లంతా ఒకేసారి ముందేసుకోవద్దు. మధ్యాహ్నానికి ఓపిక అయిపోతుంది, సామానంతా మంచం మీద ఉంటుంది, రాత్రి పడుకోవడానికి అదంతా మళ్లీ ఎక్కడో కుక్కేస్తారు. ఒక్క సొరుగుతో మొదలుపెట్టండి. దాన్ని పాత పేపరు మీద బోర్లించండి. ఇంకిపోయిన పెన్నులు, ఎప్పుడో అమ్మేసిన ఫోన్ల ఛార్జర్లు, జత లేని చెవిదిద్దు, ఏ తాళానిదో ఎవరికీ తెలియని తాళంచెవి, రబ్బరు బ్యాండ్లు బయటపడతాయి. ఒక్కొక్కటి చేతిలోకి తీసుకున్నప్పుడు "ఇది ఎప్పుడైనా పనికొస్తుందా?" అని మాత్రం అడగకండి. ఆ ప్రశ్నకు ప్రతి వస్తువూ అవుననే చెబుతుంది. చివరిసారి దీన్ని ఎప్పుడు వాడాం, మళ్లీ కావలసివస్తే ఎంత శ్రమతో, ఎంత ఖర్చుతో దొరుకుతుంది అని అడగండి. ఈ రెండు ప్రశ్నలూ కలిపే అడగాలి. పదో తరగతి మార్కుల మెమోను మీరు ఏడాదిగా ముట్టుకుని ఉండకపోవచ్చు. కాని అది పోతే మళ్లీ తెచ్చుకోవడానికి ఆఫీసుల చుట్టూ తిరగాలి. ఐస్‌క్రీమ్ డబ్బా అలా కాదు. అది ఐస్‌క్రీమ్‌తో పాటే మళ్లీ వస్తుంది.

ఇక్కడ పెద్దవారి గురించి ఒక మాట. తాతయ్య పురికొసలు చుట్టి దాచడం, వంగిన మేకులను సరిచేసి సీసాలో వేయడం చూసి మీకు నవ్వు రావచ్చు. కొరత కాలం చూసినవారికి అది పొదుపు. ఆ మేకులకు ఒక సీసా ఉంది, అది ఎక్కడుందో ఆయనకు తెలుసు, వారానికి ఒక మేకైనా వాడతారు. చిందరవందర అంటే అది కాదు. మూడేళ్లుగా సంచిలోంచి బయటికి రాని మన సామానుకే ఆ మాట ఎక్కువగా వర్తిస్తుంది.

పోపులపెట్టె నేర్పేది

అమరికకు మంచి నమూనా కోసం ఎక్కడికో పోనక్కర్లేదు. మీ వంటింట్లోని పోపులపెట్టె మూత తీసి చూడండి. గుండ్రని పెట్టెలో ఏడు చిన్న గిన్నెలుంటాయి. ఆవాలు, జీలకర్ర, మినప్పప్పు, శనగపప్పు, మెంతులు, ఎండుమిరప ముక్కలు, పసుపు వంటివి వాటిలో ఉంటాయి. ఇంటింటికీ కొంచెం మారవచ్చు. ఇవన్నీ ఒకే జాతి వస్తువులు కావు. రెండు పప్పులు, మూడు గింజలు, ఒక కాయ, ఒక పొడి. రకాలవారీగా సర్దితే వీటిని వేర్వేరు అరల్లో పెట్టాలి. కాని నూనె కాగిన తరువాత అరనిమిషంలో ఇవన్నీ ఒకదాని వెంట ఒకటి కావాలి. అందుకే, కలిపి వాడేవి కలిపే ఉన్నాయి. ఇంకొకటి గమనించండి. కిలో శనగపప్పు పెద్ద డబ్బాలో వెనక అరలో ఉంటుంది, వారానికి సరిపడా మాత్రమే పెట్టెలోకి వస్తుంది. నిల్వ వేరు, వాడకం వేరు.

ఈ సూత్రాన్ని ఇంట్లో మిగతా చోట్లకూ తీసుకుపోవచ్చు. కరెంటు పోయినప్పుడు కావలసిన టార్చి, కొవ్వొత్తి, అగ్గిపెట్టె ఒకేచోట, చీకట్లో తడుముకున్నా చేతికి తగిలే గూట్లో ఉండాలి. పరీక్షల రోజుల్లో హాల్ టికెట్, గుర్తింపు కార్డు, రెండు పెన్నులు, స్కేలు ఒకే పౌచ్‌లో ఉండాలి. పెన్నుల కట్ట అంతా అందులో పెట్టకండి, అది నిల్వ.

కిరాణా కొట్టును కూడా చూసి నేర్చుకోవచ్చు. ఎక్కువగా అమ్ముడయ్యే సరుకు షావుకారు కూర్చున్నచోటి నుంచే చేతికి అందుతుంది. అరుదుగా అడిగేది పై వరుసలో ఉంటుంది. కొత్తగా వచ్చిన ప్యాకెట్లను వెనక్కి, పాతవాటిని ముందుకు పెడతారు. మన ఇళ్లలో కొత్త రవ్వ ప్యాకెట్ ముందు విప్పేస్తాం, వెనక పాత రవ్వకు పురుగు పడుతుంది. నడుము నుంచి భుజం దాకా ఉన్న ఎత్తు ఇంట్లో అన్నిటికంటే విలువైన స్థలం. రోజూ వాడేవి అక్కడ ఉండాలి. బియ్యం డబ్బా, గ్రైండరు వంటి బరువైనవి కింద ఉండాలి. బరువును తల పైనుంచి దించడం ప్రమాదం.

ఇక అటక. ఒక పని మూలపడిందని చెప్పడానికి "అటకెక్కింది" అంటాం. భాషలోనే ఆ హెచ్చరిక ఉంది. సంక్రాంతి బొమ్మల కొలువు పెట్టె, చలికాలపు దుప్పట్లు వంటి ఏడాదికొకసారి దిగేవాటికే అటక తగిన చోటు. ప్రతి అట్టపెట్టెకూ ఒక అంకె రాసి, ఏ అంకె పెట్టెలో ఏముందో ఒక నోటు పుస్తకంలో రాసి పెట్టండి. నిచ్చెన వేసి నాలుగు పెట్టెలు విప్పే పని తప్పుతుంది.

కాగితాలు

బట్టలు దొరక్కపోతే మరో జత వేసుకుంటాం. కాగితం దొరక్కపోతే ఒక్కోసారి సీటే పోతుంది. ఇంజనీరింగు కౌన్సెలింగుకు ముందురోజు రాత్రి స్టడీ సర్టిఫికెట్ల కోసం, కుల ధ్రువీకరణ పత్రం కోసం పరుపుల కింద, పుస్తకాల మధ్య వెతికే కుటుంబాలు ప్రతి ఏటా కనిపిస్తాయి. అందరూ చెప్పే మాట ఒకటే, "జాగ్రత్తగా ఎక్కడో దాచాం." రహస్యంగా దాచడాన్నే మనం జాగ్రత్త అనుకుంటున్నాం.

లెక్కల అధ్యాపకుడిగా పనిచేసి, 1924లో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథపాలకుడైన ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో గ్రంథాలయ శాస్త్రానికి ఐదు సూత్రాలను ప్రకటించారు. అందులో నాలుగోది పాఠకుడి కాలాన్ని ఆదా చేయడం గురించి. లక్ష పుస్తకాలున్న గ్రంథాలయంలో కావలసిన పుస్తకం నిమిషాల్లో దొరుకుతోందంటే, అందుకు గ్రంథపాలకుడి జ్ఞాపకశక్తి ఒక్కటే కారణం కాదు. ఏది ఎక్కడుందో చెప్పే పట్టిక ఉంది. ఇంటి కాగితాలకూ అదే కావాలి. మనిషికొక ఫైలు, ఇంటికొక ఫైలు పెట్టండి. ప్రతి ఫైలు అట్ట లోపల అందులో ఏయే కాగితాలున్నాయో రాయండి. బయటికి తీసినప్పుడు ఎవరు, ఏ తేదీన తీశారో ఆ పేరు పక్కనే పెన్సిలుతో రాయండి. పెద్దవాళ్లలో కనీసం ఇద్దరికి ఫైళ్లు ఎక్కడున్నాయో తెలిసి ఉండాలి.

2015లో మొదలైన డిజిలాకర్ ఈ విషయంలో మంచి తోడు. అయితే ఒక తేడా గుర్తుంచుకోండి. జారీ చేసిన సంస్థ నుంచి నేరుగా అందులోకి వచ్చిన పత్రం చట్టప్రకారం అసలుతో సమానం. మీరు ఫోన్‌తో ఫొటో తీసి అందులో చేర్చుకున్నది ఒట్టి నకలే. అలాగే దుకాణాల్లో యంత్రం నుంచి వచ్చే నునుపు కాగితపు బిల్లు వేడికి రంగు మారే కాగితం. దాని మీది అక్షరాలు కొన్ని నెలల్లోనే వెలిసిపోవచ్చు. వారంటీ ఉన్న వస్తువైతే ఆ బిల్లును వెంటనే జిరాక్సు తీయించాలి. లామినేషన్ చేయిస్తే ఆ వేడికి కాగితమంతా నల్లబడుతుంది.

ప్రాణం మీదికి వచ్చేవి

కూల్‌డ్రింక్ సీసాలో యాసిడ్, ఫినాయిల్, కిరోసిన్ పోసి పెట్టే అలవాటు మన ఇళ్లలో ఇంకా ఉంది. పిల్లవాడు సీసాను చూసి గుర్తుపడతాడు, లోపల ఉన్నదాన్ని చూసి కాదు. ఇటువంటివి వాటి అసలు సీసాల్లోనే, పిల్లల చేతికందని ఎత్తులో, తాళం వేసిన చోట ఉండాలి. ఇందులో మినహాయింపు లేదు. పొరపాటున ఎవరైనా తాగితే వాంతి చేయించకూడదు. సీసాతో సహా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.

మందుల డబ్బా సంగతి చూద్దాం. మందుల షాపులో నాలుగు మాత్రలు అడిగితే స్ట్రిప్ కత్తిరించి ఇస్తారు. గడువు తేదీ ఉన్న ముక్క చాలాసార్లు అక్కడే ఉండిపోతుంది. ఆ తేదీ అడిగి, మార్కరుతో స్ట్రిప్ మీద రాసుకోవాలి. మాత్రలను విప్పి ఒకే సీసాలో కలిపి పోయరాదు. చాలా మందులు పొడిగా, చల్లగా ఉండే చోట నిలుస్తాయి. స్నానాల గది తేమ, పొయ్యి పక్కన సెగ వాటికి పడవు. వాడకం మొదలుపెట్టని ఇన్సులిన్‌ను ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంచాలి. డీప్ ఫ్రీజర్‌లో పెడితే అది పాడవుతుంది.

తీసేసినవి ఎక్కడికి పోవాలి?

ఇంట్లోంచి తీసి డాబా మీదికి చేరిస్తే సర్దినట్లు కాదు. పగిలిన కుండీ, పాత టైరు, విరిగిన బకెట్ అక్కడ వాన నీళ్లు పట్టి ఉంచుతాయి. డెంగీని వ్యాపింపజేసే ఈడిస్ దోమ అటువంటి నీటి అంచునే గుడ్లు పెడుతుంది. నీళ్లు ఎండిపోయినా ఆ గుడ్లు నెలల తరబడి బతికి ఉండి, మళ్లీ తడి తగలగానే పిల్లలవుతాయి. గుడ్డు నుంచి దోమ కావడానికి సుమారు వారం నుంచి పది రోజులు పడుతుంది. వారానికొకసారి 'డ్రై డే' పాటించమని ఆరోగ్య శాఖవారు చెప్పడానికి కారణం ఇదే. నీళ్లు పారబోయడంతో ఆగక పాత్ర లోపలి అంచులను రుద్ది కడగాలి.

భోగి మంటల్లో పాత సామాను వేసే ఆచారం కట్టెలు, పిడకల కాలంలో పుట్టింది. ప్లాస్టిక్ కుర్చీ, టైరు కాలిస్తే వచ్చే పొగ విషం. పోటీ పరీక్షల గైడ్లు, పాఠ్యపుస్తకాలు సెలవుల్లోనే కింది తరగతివారికి చేరితే వాటికి విలువ ఉంటుంది. సిలబస్ మారాక అవి పాత పేపర్ల తక్కెడకే పోతాయి. ఉబ్బిన ఫోన్ బ్యాటరీని సొరుగులో కుక్కి ఉంచకండి, దానికి నిప్పంటుకునే ప్రమాదం ఉంది. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన ఈ-వ్యర్థాల నియమాలు పాత పరికరాల రీసైక్లింగు బాధ్యతను వాటి తయారీదారులపై ఉంచాయి. పాత ఛార్జర్లు, ఫోన్లు చెత్తబండిలో వేయకుండా అటువంటి సేకరణ కేంద్రానికే ఇవ్వాలి.

ఈ పనంతా మీ సొంత వస్తువులతోనే మొదలుపెట్టండి. నానమ్మ పెట్టెను ఆమెను అడగకుండా తెరవకూడదు. అందులో వాడకం లెక్కకు రాని వస్తువులు ఉంటాయి. మీ పుస్తకాల బల్ల, మీ బట్టల అర, మీ చెప్పుల స్టాండు ముందు సర్దండి. హాస్టల్లో ఉంటున్నవారైతే మీ ట్రంకు పెట్టె. తరువాత ఒక వారం పాటు, మీరు "ఎక్కడ?" అని ఎన్నిసార్లు, ఏ వస్తువు గురించి అడిగారో ఒక కాగితం మీద రాయండి. ఏ పేరు రెండుసార్లు వచ్చిందో ఆ వస్తువుకు ఇంట్లో ఇంకా చోటు లేదన్నమాట. తరువాతి సొరుగు దానిదే.