గోడ మీది వార్లీ బొమ్మ: బడి పిల్లల చిత్రకళా ప్రాజెక్టులు ఏం నేర్పుతున్నాయి?

జేగురు రంగు పూసిన గోడ. దానిపై తెల్లని గీతలతో మనుషులు: కొసలు కలిసిన రెండు త్రిభుజాలు మొండెం, పైన ఒక గుండ్రని తల, పుల్లల్లాంటి కాళ్లూ చేతులూ. దేశంలో అనేక ప్రాథమిక పాఠశాలల గోడలపైన, పిల్లల డ్రాయింగు పుస్తకాలలోన ఈ వార్లీ బొమ్మ ఇప్పుడు సర్వసాధారణం. పక్కనే వాన్ గో నక్షత్రాల రాత్రికి నకలు, 'ఆఫ్రికా ముసుగు' అన్న పేరుతో రంగులద్దిన అట్ట కూడా వేలాడుతుంటాయి. చిత్రకారుల నుంచి, లోక సంస్కృతుల నుంచి స్ఫూర్తి పొంది పిల్లల చేత బొమ్మలు వేయించడం బోధనలో భాగమైంది. బొమ్మ బాగానే కుదురుతోంది. దానితోపాటు పిల్లవాడికి ఏం అందుతోందన్నదే ఆలోచించవలసిన విషయం.

ఈ ప్రాజెక్టుల వెనుక విధానపరమైన ప్రోత్సాహం ఉంది. కళలను ఇతర పాఠ్యాంశాలతో కలిపి బోధించాలని 2020 నాటి జాతీయ విద్యావిధానం సూచించింది. సీబీఎస్ఈ కళలతో ముడిపెట్టిన ప్రాజెక్టులను తన పాఠశాలల్లో ప్రవేశపెట్టింది. 'ఏక్ భారత్ శ్రేష్ఠ భారత్' కార్యక్రమంలో రాష్ట్రాలను జతలుగా కూర్చారు. ఆంధ్రప్రదేశ్‌కు పంజాబ్, తెలంగాణకు హర్యానా జత. మూడో తరగతి పిల్లల కోసం ఎన్‌సీఈఆర్‌టీ 2024లో 'బాఁసురీ' పేరిట కళల పాఠ్యపుస్తకాన్ని తెచ్చింది. ఉద్దేశంలో లోపమేమీ లేదు. చిత్రలేఖనం ఉపాధ్యాయుడు లేని బడిలో, ఒక్క పీరియడులో, అంత పెద్ద సంస్కృతిని పరిచయం చేయవలసి రావడమే చిక్కు. అందువల్ల ముందే గీసి ఉంచిన నమూనా కాగితాలు పంచుతారు, పిల్లలు రంగు నింపుతారు. నలభై మంది గీసిన నలభై బొమ్మలూ ఒక్కలాగే ఉంటాయి.

వార్లీల దగ్గర ఆ బొమ్మ కథ వేరు. మహారాష్ట్రలోని పాల్ఘర్ జిల్లా, దాన్ని ఆనుకుని ఉన్న గుజరాత్ సరిహద్దు ప్రాంతం వారి నివాసం. పెళ్లి జరిగే ఇంట, మట్టితో అలికిన గోడపై ముత్తైదువులు 'చౌక్' అనే చతురస్రాన్ని చిత్రిస్తారు. దాని నడుమ సస్యసమృద్ధిని, సంతానాన్ని ప్రసాదించే పాలఘట దేవత కొలువుంటుంది. తెలుపుకు బియ్యప్పిండి, నీరు, కాస్త జిగురు చాలు. కొస నమిలి మెత్తబరచిన వెదురుపుల్లే కుంచె. వలయాకారంలో సాగే నృత్యం మధ్యలో కనిపించే వ్యక్తి తార్పా ఊదుతుంటాడు; సొరకాయ బుర్రతో చేసే ఆ వాద్యాన్ని అనుసరించే నర్తకుల వరస కదులుతుంది. నమూనా కాగితంలో ఈ వలయం ఉత్త అలంకారంగా మిగిలిపోతుంది.

1970ల తొలినాళ్లలో ఈ కళ గోడ దిగి కాగితం మీదికి వచ్చింది. ఆ మార్పుకు ప్రతీకగా నిలిచిన జీవ్యా సోమా మాషే 1934లో జన్మించి 2018లో కన్నుమూశారు. ఆడవారి ఆచారంగా ఉన్న చిత్రణను నిత్యవృత్తిగా చేపట్టిన ఆయనకు 2011లో పద్మశ్రీ లభించింది. చిన్ననాట తల్లిని పోగొట్టుకున్న తరువాత మాట మానేసి, మట్టిలో బొమ్మలు గీసి తన మనసు తెలిపేవాడని చెబుతారు. చేపల వల, చీమల బారు, పంట కోతలు ఆయన చిత్రాలకు వస్తువులయ్యాయి. ఎనిమిదేళ్ల పిల్లలకు త్రిభుజాల లెక్క కన్నా ఈ సంగతి చెప్పడం మేలు. మాషే తన ఊరిని చూసి గీశారని తెలిస్తే పిల్లవాడూ తన ఊరి చెరువుగట్టును, బస్టాండును అదే కన్నుతో చూడగలడు.

తెలుగు నేలపై పిల్లలకు మరో దగ్గరి దారి ఉంది. ఉత్తరాంధ్ర ఏజెన్సీలోను, ఒడిశాలోను నివసించే సవరల గోడచిత్రాలు చూపునకు వార్లీకి దాయాదుల్లా ఉంటాయి: ఎర్రని గోడ, తెల్లని బియ్యప్పిండి గీతలు. అయితే అవి పెద్దల ఆత్మలను గౌరవించేందుకు, రోగాలు తొలగాలని, పంట పండాలని వేసేవి. వెరియర్ ఎల్విన్ 1955లో వెలువరించిన సవర మత గ్రంథంలో వీటిని విస్తారంగా వివరించారు. వార్లీని గుర్తుపట్టే తెలుగు పిల్లల్లో సవర చిత్రాల పేరైనా విన్నవారు తక్కువే. ఇక వాకిట్లో చుక్కలు పెట్టి, వాటి చుట్టూ చేయి ఎత్తకుండా గీత తిప్పే అమ్మమ్మ ముగ్గు మాట చెప్పనే అక్కరలేదు. అందులో గణితమూ ఉంది, బియ్యప్పిండీ ఉంది.

ఈ చర్చకు సంబంధించి ఆస్ట్రేలియాలో జరిగిన ఒక ఉదంతం ముఖ్యమైనది. అది మొదలైందే ఒక బడిలో. మధ్య ఆస్ట్రేలియా ఎడారిలోని పాపున్యా ఆదివాసీ ఆవాసంలో 1971లో జెఫ్రీ బార్డన్ అనే ఉపాధ్యాయుడు తమ సొంత ఆకృతులను గీయమని పిల్లలను ప్రోత్సహించాడు. అది పెద్దలను ఆకట్టుకుంది. వారు ముందుకు వచ్చి బడి గోడపై తేనెచీమ పురాగాథను చిత్రించారు. 1972లో 'పాపున్యా తులా' కళాకారుల సంస్థ ఏర్పడింది. తర్వాత కొన్నేళ్లకు ఆ గోడచిత్రంపై రంగు పూసి చెరిపివేశారు, ఉద్యమం మాత్రం ప్రపంచమంతా పాకింది. ఇవాళ 'చుక్కల చిత్రాలు'గా ప్రసిద్ధమైనవి అవే. ఇక్కడ ఒక కట్టడి ఉంది. ఒక్కో గాథ మీద ఒక్కో కుటుంబానికి హక్కు, బాధ్యత ఉంటాయి. బయటివారి కంట పడకూడని గుర్తులను మరుగుపరచడానికి కూడా చుక్కలు ఉపయోగపడ్డాయి. అందుకే చుక్కలను నకలు చేయించే ప్రాజెక్టులను అక్కడి ఆదివాసీ సముదాయాలు పలుమార్లు ఆక్షేపించాయి. ఒక దేశపు బడి గోడ మీద పిల్లల సొంత గీతగా మొదలైనది, మరో దేశపు బడిలో ఇయర్‌బడ్స్‌తో అద్దే చుక్కలుగా మారడం విచిత్రమే.

'ఆఫ్రికా ముసుగు' సంగతి ఇంకా కష్టం. ఆ ఖండంలో 54 దేశాలున్నాయి. నైజీరియా, బెనిన్‌లలోని యోరుబా ప్రజల గెలెడె ముసుగు తల్లుల గౌరవార్థం పురుషులు ధరించి నర్తించేది. అదొక ఊరి ఉత్సవం. ముసుగు ఏ ప్రజలదో చెప్పలేకపోతే ఆ పాఠాన్ని మానుకోవడమే ఉత్తమం.

నకలు ప్రమాదం తక్కువగా ఉన్న ప్రాజెక్టులూ ఉన్నాయి. ఫ్రెంచి చిత్రకారుడు ఆన్రీ మతీస్ 1941లో పెద్ద శస్త్రచికిత్స చేయించుకున్నాక చాలాకాలం మంచానికి, చక్రాల కుర్చీకి పరిమితమయ్యాడు. సహాయకులు రంగు పూసిన కాగితాలను కత్తెరతో కత్తిరిస్తూ బొమ్మలు కూర్చాడు. 1947లో వచ్చిన 'జాజ్' గ్రంథం ఆ పనికి ఫలం. చిన్నపిల్లలు ఆయన బొమ్మను అనుకరించనక్కరలేదు. పాత క్యాలెండరు, మొద్దు మొనల కత్తెర, మైదా జిగురు ఇస్తే చాలు. పద్ధతి వారిది అయిపోతుంది. పెన్సిలు పట్టడంలో ఇబ్బంది ఉన్న పిల్లవాడికి ఈ కథ మరింత దగ్గరవుతుంది.

తెలంగాణలో సిద్దిపేట జిల్లా చేర్యాల నకాషీ చిత్రపటాలనూ ఇదే తీరున బడిలోకి తేవచ్చు. ఖాదీ గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల జిగురు పట్టించి, ఎర్రని నేపథ్యంపై అంకె తరువాత అంకెగా కథను గీస్తారు. కథకుడు పటాన్ని విప్పుతూ ఊరి జనానికి కుల పురాణం వినిపించేవాడు. పటం కథ చెప్పడానికి పుట్టిన వస్తువు గనుక, పొడవాటి కాగితంపై పిల్లలు తమ వీధి కథను ఆరేడు గళ్లలో వేసి, చుట్టి, తరగతి ముందు విప్పుతూ చెబితే ఆ కళ పని చేసే తీరు వారికి తెలుస్తుంది. వేషాలకైతే కొబ్బరిచిప్ప, రంపపు పొట్టు, చింతగింజల జిగురు కావాలి. గింజలను ముందు రాత్రి నానబెట్టాలి, కాబట్టి ఒక్క పీరియడు సరిపోదు. రెండు వారాలు కేటాయించి, ప్రదర్శనలో ప్రతి బొమ్మ కింద పిల్లవాడి పేరుతో పాటు ఏ ఊరి కళాకారుల పని చూసి నేర్చుకున్నాడో ఆ ఊరి పేరూ రాయిస్తే, తల్లిదండ్రులు అడిగే మొదటి ప్రశ్నకు ఆ పిల్లవాడే జవాబు చెప్పగలడు.