మట్టిబాటల మోటారు సైకిలు: ఇంజను, క్లచ్ దోషాల నిర్ధారణ

వైద్యుడు నాడి చూడనిదే మందు ఇవ్వడు. మోటారు సైకిలు చెడినప్పుడు మాత్రం మనం ముందు విడిభాగాలు కొని, ఆ తరువాత జబ్బు కోసం వెతుకుతాము. విద్యార్థుల కొద్దిపాటి ధనం ఈ విధంగా వ్యర్థమవుతున్నది. ఒక్కొక్కప్పుడు ధనం కంటె విలువైనదానికే ముప్పు వాటిల్లుతున్నది.

1968లో యమహా కంపెనీ అమెరికాలో డి.టి.-1 అనే వాహనాన్ని విక్రయించ నారంభించింది. 246 ఘన సెంటీమీటర్ల సామర్థ్యం, ఒకే సిలిండరు, టూ స్ట్రోక్ ఇంజను గల ఈ బండి రోడ్డుపైనా, మట్టిబాటపైనా నడిచేది. మన దేశంలో 1985 నుంచి 1996 వరకు తయారైన ఆర్.ఎక్స్. 100 కూడ టూ స్ట్రోక్ బండియే. దాని సామర్థ్యం 98 ఘన సెంటీమీటర్లు. అది రోడ్డు కోసం పుట్టినదే అయినా, ఔత్సాహికులు టైర్లు, హ్యాండిల్ మార్చుకొని మట్టి ట్రాకులపై నడిపారు. పరిమాణంలో భేదమున్నా ఈ రెండింటి రోగ లక్షణాలు చాల వరకు ఒకటే.

మా అన్నయ్య అట్టి పాత ఆర్.ఎక్స్. 100 ఒకటి కొన్నాడు. గేరు వేయగానే, క్లచ్ లీవరు పట్టి ఉన్నప్పటికీ, బండి ముందుకు పాకేది. ఒక వర్క్‌షాపులో క్లచ్ ప్లేట్లు మార్చారు; గుణం కనబడలేదు. రెండవసారి మార్చారు. ఒకనాటి ఉదయం ఊరి వెలుపలి మట్టిదారిపై పూర్తి వేగంతో పోతుండగా ఇంజను పట్టివేసింది. క్లచ్ పట్టినా అది పూర్తిగా విడలేదు. వెనుక చక్రం బిగిసి, బండి పక్కకు జారి, అన్నయ్య మెడ ఎముక విరిగింది.

తరువాత ఆ బండిని ఒక వృద్ధ ఉస్తాద్ వద్దకు తీసికొనిపోయాము. ఆయన అడిగిన మొదటి ప్రశ్న ఇది: "ప్లేట్లు మార్చినవాడు ప్లగ్గు విప్పి చూశాడా, బేటా?" ఎవరూ చూడలేదు. ప్లగ్గు కొన సున్నం వలె తెల్లగా ఉన్నది. అసలు జబ్బు అక్కడ మొదలయింది.

ఇంజను

టూ స్ట్రోక్ ఇంజనులో పెట్రోలు, గాలి కలిసిన మిశ్రమం ముందుగా పిస్టన్ క్రింద ఉండే క్రాంకు గదిలోనికి ప్రవేశించి, అచ్చట నుంచి పిస్టన్ పైకి పోతుంది. అనగా క్రాంకు గది ఒక పంపు వలె పనిచేస్తుంది. పంపునకు ఎక్కడ చిల్లుపడినా పని చెడుతుంది. క్రాంకు ఇరుసుకు ఇరువైపుల ఉండే రబ్బరు ఆయిల్ సీళ్ళు కాలక్రమాన గట్టిపడి, ఈ చిల్లుకు దారితీస్తాయి.

మాగ్నెటో వైపు సీలు చెడితే బయటిగాలి లోనికి చొచ్చి, మిశ్రమంలో పెట్రోలు పాలు తగ్గుతుంది. ఇంజను మితిమీరి వేడెక్కుతుంది. వేడికి పిస్టన్ వ్యాకోచించి సిలిండరు గోడను పట్టివేస్తుంది. క్లచ్ వైపు సీలు చెడితే గేరు నూనె లోనికి లాగబడుతుంది. సైలెన్సరు నుంచి తెల్లని పొగ విడువక వస్తుంది, గేరు పెట్టెలో నూనె మట్టం తగ్గుతుంది.

గాలి చొరబాటును ముందే తెలిపే గుర్తు ఒకటున్నది. ఇంజను వేడెక్కిన తరువాత థ్రాటిల్ వదిలినా వేగం వెంటనే దిగక, పైననే నిలుస్తుంది. చాలమంది దీనిని స్క్రూ త్రిప్పి సరిచేయ ప్రయత్నిస్తారు. అది జ్వరాన్ని వదలి థర్మామీటరును సరిచేయటం వంటిది. నమ్మదగిన పరీక్ష వేరు: ఇంజను ఆపి, లోనికి వచ్చే దారిని, పొగ దారిని మూసి, చదరపు అంగుళానికి సుమారు 6 పౌన్ల ఒత్తిడితో గాలి నింపాలి. ఒత్తిడి నిలవకపోతే, అతుకుల వద్ద సబ్బునీరు పూసి, బుడగలు వచ్చేచోటు గుర్తించాలి.

ప్లగ్గు రంగు కూడ సాక్ష్యమే. లేత గోధుమ రంగు ఆరోగ్యం. తడిసిన నలుపు పెట్రోలు లేక నూనె ఎక్కువైనట్లు. తెలుపు ప్రమాద సూచన. అయితే రంగు ఒక్కటే తీర్పు కాదు. ఇతర గుర్తులతో కలిపి చూడాలి.

బండి అసలు స్టార్టు కాకపోతే క్రమం తప్పక మూడింటిని పరీక్షించాలి. కార్బొరేటరుకు పెట్రోలు చేరుతున్నదా? ప్లగ్గును సిలిండరు రంధ్రానికి దూరంగా లోహానికి ఆనించినప్పుడు నిప్పురవ్వ బలంగా ఉన్నదా? కిక్కు కొట్టినప్పుడు పాదానికి ఎదురొత్తు తగులుతున్నదా? ఎదురొత్తు లేనిచో రింగులు, సిలిండరు అరిగినట్లు అనుమానించాలి. మట్టిబాటల బండ్లలో ఈ అరుగుదలకు ముఖ్య కారణం శుభ్రపరచని ఎయిర్ ఫిల్టరు.

నూనె విషయంలో ఒక అపోహ ఉన్నది. పెట్రోలులో నూనె కలిపి వాడే కొన్ని బండ్లకు 32 పాళ్ళకు 1 పాలు అనగా లీటరుకు సుమారు 31 మిల్లీలీటర్లు. భద్రత కోసమని కొందరు ఇంకా పోస్తారు. నూనె పెరిగిన కొలది అదే జెట్టు గుండా పోయే పెట్రోలు తగ్గుతుంది. కావున తయారీదారు చెప్పిన పాళ్ళు దాటరాదు.

క్లచ్

క్లచ్ దోషాలు రెండు విధాలు: విడకపోవటం, జారటం. ఈ రెండింటిని వేరుచేయనిదే ప్లేట్లు కొనరాదు.

విడని క్లచ్‌తో గేరు పడునపుడు బండి గెంతుతుంది; ఆగినచోట న్యూట్రల్ దొరకదు. ఇంజను ఆపి, గేరులో ఉంచి, లీవరు పట్టి, బండిని నెట్టి చూడాలి. ఎంతకూ కదలకపోతే కేబుల్ వదులు కావటం, దాని తీగలు తెగటం, ఉక్కు ప్లేట్లు వంకరపోవటం, ప్లేట్ల చెవులు కదిలే బుట్ట గాడులలో గంట్లుపడటం కారణాలు కావచ్చు. చాలకాలం నిలిపిన బండిలో ప్లేట్లు ఒకదానికొకటి అంటుకొనటం కూడ కలదు.

జారే క్లచ్‌లో ఇంజను శబ్దం పెరుగుతుంది గాని బండి వేగం పెరగదు. అరిగిన ప్లేట్లు, బలహీనమైన స్ప్రింగులు, తగని నూనె ఇందుకు హేతువులు. లీవరులో బొత్తిగా వదులు లేకపోయినా క్లచ్ జారుతుంది. సాధారణంగా లీవరు వద్ద సుమారు 2 నుంచి 3 మిల్లీమీటర్ల వదులు ఉండాలి. ఖర్చులేని ఈ సర్దుబాటు మొదట, ప్లేట్లు చివర.

మా అన్నయ్య బండిలో రెండు దోషాలు ఒకదానినొకటి కప్పివేశాయి. సీలు గుండా చొరబడిన గాలి ఇంజను వేగాన్ని పెంచింది. లీవరు వద్ద సగం తీగలు తెగిన కేబుల్ క్లచ్‌ను పూర్తిగా విడనీయలేదు. అందువలన బండి పాకింది. వర్క్‌షాపువారు పాకటాన్ని చూశారు, దాని మూలాన్ని చూడలేదు. ఇంజను పట్టివేసిన క్షణంలో వెనుక చక్రాన్ని విడిపించగలది క్లచ్ ఒక్కటే. ఆ క్షణంలో అది అక్కరకు రాలేదు.

విద్యార్థి మిత్రులారా, లక్షణం వేరు, కారణం వేరు. చవకయినదానిని ముందు, ఖరీదయినదానిని తరువాత పరీక్షించండి. ఒకసారికి ఒక్క మార్పు మాత్రమే చేసి, ఫలితాన్ని కాగితంపై వ్రాయండి. ప్రయోగశాలలో మనం నేర్చుకొనే క్రమశిక్షణ కూడ ఇదే గదా! అన్నయ్య ఎముక అతుకుకొన్నది. బండి నేటికీ నడుస్తున్నది. బయలుదేరే ముందు క్లచ్ కేబుల్ కొనను వేలితో తడిమి చూడటం మాత్రం మా ఇంట నియమమై నిలిచింది.