నల్లకోటులో ఎవరున్నారు?

"ఓడినవాడు కోర్టులో ఏడిస్తే, గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడ్చాడు" అని మా వైపు సామెత. ఆ ఏడుపులో సగం ఖర్చు వల్ల అయితే, మిగతా సగం మన మాట అవతలివాళ్ళకు అర్థం కాకపోవడం వల్ల అని నా అభిప్రాయం. సైన్సు చదివే పిల్లకు ప్లీడర్ల గొడవ ఎందుకని పాఠకమిత్రులు అడగవచ్చు. ముందు మా ఇంటి సంగతి చెబుతాను. ఆ తరువాత మీరే నిర్ణయించండి.

మాది శ్రీకాకుళం. ఉత్తరాంధ్రలోని జిల్లా కేంద్రం కాదు. కృష్ణ ఒడ్డున, ఘంటసాల మండలంలో, ఆంధ్ర మహావిష్ణువు గుడి ఉన్న పల్లెటూరు. మా నాన్నకున్న కొద్దిపాటి చేనుకీ పక్క చేనుకీ నడుమ గట్టు తగాదా వచ్చి కోర్టుకెక్కింది. మా ప్లీడరుగారు పెద్దమనిషి, చట్టం బాగా తెలిసినవారు. పట్నంలో పుట్టి, తండ్రి తాతల నుంచీ అదే వృత్తిలో ఉన్న ఇంటివారు. మా నాన్నమ్మ "హద్దు బోదె దగ్గరండీ, బోదెకి మెరక వైపంతా మాదే" అని చెప్పింది. దావాలో అది ఇంగ్లీషులో "కాలవ" అయి కూర్చుంది. డెల్టాలో పుట్టినవారికి ఈ రెంటికీ తేడా వేరే చెప్పక్కర్లేదు. కాలవ సర్కారుది. బోదె రైతులు తమ చేలకు నీరు పారించుకోవడానికి ఉమ్మడిగా ఉంచుకున్న సన్నని పాయ. కాలవ అనేసరికి ఇది ప్రభుత్వ భూమా అనే కొత్త ప్రశ్న పుట్టింది. రెండేళ్ళు వాయిదాల మీద వాయిదాలు!

చివరికి దాన్ని పట్టుకున్నది ఆ ఆఫీసులో కొత్తగా చేరిన ఒక జూనియరు. ఆవిడ కౌలు రైతు కూతురు. కట్ట తిరగేస్తూ, "అమ్మమ్మగారూ, మీరు చెప్పింది కాలవ కాదు గదా, పంట బోదె గదా?" అని అడిగింది. "ఆఁ, అదే గదమ్మా మొదట్నుంచీ మొత్తుకుంటున్నాను" అంది నాన్నమ్మ. దావాకు సవరణ కోరుతూ అర్జీ పెట్టారు, బండి గాడిలో పడింది.

ఏ మాటకా మాటే చెప్పుకోవాలి. ఇందులో పెద్ద ప్లీడరుగారి తెలివికి లోటు లేదు. ఆయన చూడని చోటును చూడగలిగిన కన్ను ఒకటి ఆ ఆఫీసుకు కొత్తగా వచ్చింది, అంతే. న్యాయవాదుల్లో వైవిధ్యం ఎందుకు అనే ప్రశ్నకు నాకు తెలిసిన మొదటి జవాబు ఇది.

తలుపు తెరుచుకున్న తీరు

ఈ వృత్తి తలుపు అందరికీ ఒక్కసారిగా తెరుచుకోలేదు. 1899 నాటి స్టాంపు చట్టం ప్రకారం హైకోర్టు పట్టీలో వకీలుగా పేరెక్కడానికి 500 రూపాయల స్టాంపు కావాలి. అటార్నీకైతే 250. ఆ రోజుల్లో 500 అంటే మాటలా? మామూలు రైతు బిడ్డకు అది గుమ్మంలోనే కట్టిన గోడ.

స్త్రీలకు ఆ గోడ ఇంకా ఎత్తు. 1916లో రెజీనా గుహ అనే పట్టభద్రురాలు కలకత్తాలో ప్లీడరుగా చేర్చుకోమని అడిగితే, చట్టంలోని "వ్యక్తి" అనే మాటలోకి స్త్రీ రాదని హైకోర్టు తేల్చింది. 1921లో పాట్నాలో సుధాంశుబాల హజ్రాకూ అదే జవాబు. చివరకు 1923లో ప్రత్యేకంగా చట్టం చేస్తే గాని, స్త్రీ అయినంత మాత్రాన వృత్తికి అనర్హురాలు కాదన్న సంగతి ఖాయం కాలేదు.

మన తెలుగునాట దుర్గాబాయి దేశ్‌ముఖ్ మద్రాసులో లా చదివి ప్లీడరై, రాజ్యాంగ సభలో కూర్చున్నారు. గుంటూరు ప్రాంతపు అప్పికట్లలో పుట్టిన అమరేశ్వరిగారు 1978లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకు తొలి మహిళా న్యాయమూర్తి అయ్యారు. 1923 నుంచి 1978 వరకు లెక్కవేయండి, 55 ఏళ్ళు!

పూర్వం బారిస్టరు, వకీలు, ప్లీడరు, ముక్త్యారు, అటార్నీ అని వృత్తిలోనే మెట్లు ఉండేవి. 1961 అడ్వకేట్ల చట్టం వీరందరినీ "అడ్వకేటు" అనే ఒకే పేరు కిందికి తెచ్చే పని మొదలుపెట్టింది. మిగిలిన అటార్నీల తరగతిని 1976 సవరణ తీసివేసింది. పేర్లలోని మెట్లు పోయాయి. మనుషుల మధ్య మెట్లు పోయాయా?

అంకెలు ఏమంటున్నాయి?

2021 సెప్టెంబరులో అప్పటి భారత ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి. రమణగారు చెప్పిన లెక్క ప్రకారం దేశంలోని సుమారు 17 లక్షల మంది న్యాయవాదుల్లో స్త్రీలు 15 శాతమే. రాష్ట్ర బార్ కౌన్సిళ్ళకు ఎన్నికైనవారిలో 2 శాతమే. రమణగారు ఉమ్మడి కృష్ణా జిల్లా పొన్నవరంలో వ్యవసాయ కుటుంబంలో పుట్టి, సైన్సు డిగ్రీ తరువాత లా చదివి, 1983లో ప్లీడరుగా పేరు నమోదు చేయించుకున్నవారు. సైన్సు వాళ్ళకు లా ఎందుకనే పెద్దలకు ఆయనే జవాబు.

హైకోర్టు న్యాయమూర్తుల్లో ఎక్కువమంది న్యాయవాదుల్లోంచే వస్తారు. మడిలో ఏ నారు పోస్తే చేలో అదే పంట. 2018 నుంచి 2022 వరకు నియమితులైన 537 మంది హైకోర్టు న్యాయమూర్తుల్లో దాదాపు 79 శాతం జనరల్ వర్గాలవారు. షెడ్యూల్డు కులాలవారు 3 శాతం కూడా లేరు. షెడ్యూల్డు తెగలవారు ఒక శాతానికి కాస్త పైన. కోర్టు బోనులోనూ, వరండాలోనూ కనిపించే జనం వేరు, లోపల కుర్చీల్లో కనిపించే జనం వేరు అన్నమాట.

విదేశాల్లో పెద్ద లా సంస్థల సంగతీ చూద్దాం. అమెరికాలో శాండ్రా డే ఓకానర్ 1952లో స్టాన్‌ఫర్డ్‌లో ముందు వరుసలో ఉత్తీర్ణురాలైనా, ఒక పెద్ద సంస్థ ఆమెకు ఇవ్వజూపినది సెక్రటరీ ఉద్యోగం. 1981లో ఆవిడే ఆ దేశ సుప్రీంకోర్టుకు తొలి మహిళా న్యాయమూర్తి! 2017లో అక్కడ "మాన్స్‌ఫీల్డ్ నియమం" వచ్చింది. పై పదవులకు పరిశీలించే అభ్యర్థుల్లో కనీసం 30 శాతం మంది అంతవరకు వెనుకబడిన వర్గాలవారు ఉండాలని దాని సారం. ఉద్యోగం ఇచ్చితీరాలని కాదు, చూడకుండా తోసెయ్యవద్దని. 2023 నాటికి అక్కడి సంస్థల్లో జూనియర్లలో స్త్రీలు మొదటిసారి సగం దాటారు. భాగస్వాముల్లో మాత్రం 28 శాతం దగ్గరే ఆగారు. తలుపు దాటడం ఒక ఎత్తు, మెట్లెక్కడం ఇంకో ఎత్తు. 2025లో ఆ దేశపు ప్రభుత్వ సంస్థే ఇటువంటి పద్ధతులు చట్టబద్ధమా అని ప్రశ్నిస్తూ 20 పెద్ద సంస్థలకు లేఖలు రాసింది. కాబట్టి ఈ వాదం అక్కడా తేలలేదు.

ప్రతిభ మాటేమిటి?

"ప్రతిభ ఉన్నవాడు ఎలాగూ పైకొస్తాడు, ఈ లెక్కలెందుకు?" అని మా క్లాసులోనే కొందరంటారు. కొట్టిపారేయదగిన మాట కాదు. కేసు పెట్టుకున్నవాడికి కావలసింది చట్టం తెలిసిన ప్లీడరే గాని తన కులంవాడో తన ఊరివాడో కాదు. అయితే ప్రతిభను కొలిచే ముందు ఆ మనిషి కొలబద్ద దాకా రాగలగాలి గదా!

మా రైతుల భాషలో చెబుతాను. ఊరంతా ఒకే రకం వరి వేస్తే చూడ్డానికి చేను ఒకే ఎత్తున అందంగా ఉంటుంది. దోమపోటు వచ్చిన ఏడు మాత్రం ఊరంతా ఒకేసారి పడుకుంటుంది. నాలుగు రకాలుంటే ఒకటి పోయినా ఒకటి నిలుస్తుంది. మనుషులు వరి మొక్కలు కారు, ఈ పోలికను ఎంతో దూరం లాగలేము. కాని అందరూ ఒకే వైపు నుంచి చూసే ఆఫీసులో, అందరూ ఒకే చోట పొరబడతారన్నది మా బోదె కేసులో నేను కళ్ళారా చూశాను.

అసలు అడ్డు డబ్బే

లా పట్టా చేతికొచ్చాక బార్ కౌన్సిల్లో పేరు నమోదు చేయించుకోవాలి. చట్టంలో ఉన్న రుసుము 750 రూపాయలు, షెడ్యూల్డు కులాలు తెగలవారికి 125. కాని అనేక రాష్ట్రాల్లో రకరకాల పేర్లతో 15 వేల నుంచి 42 వేల దాకా వసూలు చేసేవారు. 2024 జూలై 30న సుప్రీంకోర్టు గౌరవ్ కుమార్ కేసులో చట్టంలో ఉన్నదానికి మించి వసూలు చెయ్యరాదని తీర్పు ఇచ్చింది. ఈ అదనపు భారం పేద, బలహీన వర్గాలవారికే గట్టిగా తగులుతుందని కూడా చెప్పింది. 1899 నాటి 500 రూపాయల స్టాంపు గోడ ఇంకో వేషంలో నిలబడే ఉందని దీన్నిబట్టి తెలుస్తోంది.

ఆ తరువాతి కష్టం జూనియరుగా గడిపే ఏళ్ళు. పట్నంలో గది అద్దె, బస్సు చార్జీ, నల్లకోటు, పుస్తకాలు అన్నీ సొంతమే. సీనియరు ఇస్తే ఇచ్చినట్టు, లేకపోతే లేదు. మన రాష్ట్రంలో జూనియర్లకు నెలకు 5 వేల చొప్పున మూడేళ్ళు ఇచ్చేలా "లా నేస్తం" 2019లో మొదలైంది. 2024 అక్టోబరులో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా పట్టణాల్లో 20 వేలు, పల్లె ప్రాంతాల్లో 15 వేలు ఇవ్వవలసిందిగా సూచించింది. అది సూచనే గాని శాసనం కాదు. ఇంట్లో వెనకాల ఆస్తి ఉన్నవాడు ఆ ఏళ్ళు ఈదగలడు, కౌలు రైతు బిడ్డ మునుగుతాడు. అందుకే చాలామంది మధ్యలోనే కోటు విప్పేసి వేరే ఉద్యోగం చూసుకుంటారు.

మనం చెయ్యగలిగింది

మూడేళ్ళ లా కోర్సుకు ఏ డిగ్రీ అయినా చాలు. లాసెట్ రాయడానికి జనరల్ వారికి డిగ్రీలో 45 శాతం, షెడ్యూల్డు కులాలు తెగలవారికి 40 శాతం మార్కులుంటే సరి. సైన్సు చదివితే బి.ఇడి. గాని ఎమ్మెస్సీ గాని తప్ప వేరే దారి లేదనుకునే మిత్రులు ఇది గమనించాలి. పట్నంలో సీనియరు ప్లీడర్లయిన మన పూర్వ విద్యార్థులకు ఒక మనవి. ఈసారి మీ ఆఫీసుకు జూనియరు కావలసినప్పుడు, ఆ ఇంటివాడూ ఈ ఇంటివాడూ అని వాకబు చేసే ముందు, లా చదివి ఇంట్లో కూర్చున్న మన కాలేజీ పిల్లలు ఎవరైనా ఉన్నారేమో ఒక్కసారి అడగండి. ఉద్యోగం ఇమ్మని కాదు, పిలిచి మాట్లాడమని.

నా మటుకు నేను పరీక్షలయ్యాక లాసెట్ రాద్దామనుకుంటున్నాను. "ఆడపిల్లకి కోర్టుల చుట్టూ తిరగడం ఎందుకే?" అని అమ్మ ఇంకా అంటూనే ఉంది. నాన్న ఏమీ అనలేదు గాని దరఖాస్తుకు ఎంతవుతుందని అడిగారు. నాన్నమ్మ మాత్రం ఒకటే మాట చెప్పింది: "చదువుకో తల్లీ. బోదెకీ కాలవకీ తేడా తెలిసినవాళ్ళు అక్కడ ఇంకొకరుండాలి."

— ఒక విద్యార్థిని,
తృతీయ బి.యస్సీ.