ఇరుకు అడవిలో ఇన్ని జంతువులా!

సాయంత్రం నాలుగున్నర అయింది. ఏటి నీరు చిక్కటి టీ రంగులో ఉంది. పడవ నడిపే పెద్దాయన ఇంజను ఆపేశారు. పడవ ఒడ్డు వెంట నెమ్మదిగా జారుతోంది. నీటిమీదికి వంగిన చెట్టుపై ఒక పెద్ద కోతి కూర్చుని ఉంది. ఇటుకరంగు బొచ్చు, కుండలాంటి పొట్ట, నోటిమీదికి వేలాడే ముక్కు! ఆకు నములుతూ మమ్మల్ని ఎగాదిగా చూసింది. చూడడానికి వచ్చింది మేమా, అదా అని సందేహం కలిగింది.

ఆ సాయంత్రం రెండు గంటల్లో నేను నోటుపుస్తకంలో రాసుకున్న లెక్క ఇది: పొడుగుముక్కు కోతులు 41, హార్న్‌బిల్ పక్షులు 6, ఉప్పునీటి మొసలి 1, ఒరాంగుటాన్ తల్లి 1, దాన్ని కరచుకుని ఒక పిల్ల. మామూలు పొడవుతోక కోతుల లెక్క తప్పిపోయింది.

“ఎంత సంపన్నమైన అడవి!” అన్నాను. పెద్దాయన నవ్వి ఊరుకున్నారు. ఆ నవ్వుకు అర్థం నాకు మర్నాడు గాని తెలియలేదు.

ఎక్కడ ఉంది ఈ అడవి?

ప్రపంచంలో మూడవ పెద్ద దీవి బోర్నియో. మన రెండు తెలుగు రాష్ట్రాలను కలిపితే వచ్చే వైశాల్యానికి రెండున్నర రెట్లు పైగా ఉంటుంది. మలేసియా, ఇండొనేసియా, బ్రూనై అనే మూడు దేశాలు దీన్ని పంచుకున్నాయి. దీవికి ఉత్తర భాగంలో మలేసియాకు చెందిన సబా రాష్ట్రం ఉంది. అక్కడి అతి పొడవైన నది కినబటాంగన్. 560 కిలోమీటర్లు ప్రవహించి సులు సముద్రంలో కలుస్తుంది.

నేను సైన్సు ఉపాధ్యాయవృత్తిలో ఉన్నాను. ఒక వేసవి సెలవుల్లో రెండు వారాలపాటు ఆ నది ఒడ్డున మొక్కలు నాటే పనికి స్వచ్ఛంద సేవకుల బృందంలో చేరి వెళ్లాను. సండకాన్ పట్టణం నుంచి సుకావు అనే పల్లెకు రోడ్డుమీద సుమారు రెండున్నర గంటల ప్రయాణం. దారి పొడవునా రెండు వైపులా పామాయిల్ తోటలే. కునుకుతీసి లేచినా తోటలే. అప్పుడు వాటిని అంతగా పట్టించుకోలేదు.

ఆ పల్లెవాసులను ‘ఓరాంగ్ సుంగై’ అంటారు. మలయ్ భాషలో ‘ఓరాంగ్’ అంటే మనిషి, ‘సుంగై’ అంటే నది. అంటే ఏటి మనుషులు. ‘హుటాన్’ అంటే అడవి. కనుక ఒరాంగుటాన్ అంటే అడవి మనిషి! మా పడవ నడిపే పెద్దాయనను అందరూ ‘పాక్‌చిక్’ అని పిలిచేవారు. ‘పాక్’ అంటే తండ్రి, ‘చిక్’ అంటే చిన్న. అచ్చంగా మన చిన్నాన్నే! ఆయన నన్ను ‘చిక్‌గు’ అనేవారు. అంటే పంతులుగారని.

పెద్ద ముక్కు, పెద్ద పొట్ట

పొడుగుముక్కు కోతి బోర్నియోలో తప్ప ప్రపంచంలో మరెక్కడా సహజంగా కనబడదు. ఆ ముక్కు ఎందుకు? మగకోతికే ముక్కు అంత పెద్దదిగా ఉంటుంది. ముక్కు పెద్దదైనకొద్దీ దాని శరీరమూ పెద్దదిగా ఉంటుందనీ, అరుపు మరింత బొంగురుగా వస్తుందనీ, దాని గుంపులో ఆడకోతులు ఎక్కువగా ఉంటాయనీ 2018లో శాస్త్రజ్ఞులు తేల్చారు. అంటే అది ఆ మగకోతికి ప్రకటన బోర్డు వంటిది.

పొట్ట కథ ఇంకా విచిత్రం. ఈ కోతులు ఎక్కువగా ఆకులు, పచ్చికాయలు, గింజలు తింటాయి. ఆకులోని పీచు అరగడం కష్టం. అందుచేత వీటి జీర్ణాశయం ఆవు పొట్టలా గదులు గదులుగా ఉంటుంది. అందులో ఉండే కోట్లాది సూక్ష్మజీవులు ఆకును పులియబెట్టి అరిగిస్తాయి. బాగా మగ్గిన తీపిపండ్లు తింటే మాత్రం అవి పొట్టలో త్వరగా పులిసి ఉబ్బరం తెస్తాయి. కోతి అయి ఉండీ మాగిన పండుకు నోచుకోలేదు, పాపం! ఇవి తిన్నదాన్ని తిరిగి నోటిలోకి తెచ్చుకుని నెమరు వేయడం కూడా కినబటాంగన్ ఉపనది ఒడ్డునే పరిశోధకులు చూశారు. ఆ సంగతి 2011లో ప్రకటించారు.

ఇక ముఖ్యమైన విషయం. పగలు లోపలి అడవిలో మేసిన ఈ కోతులు సాయంత్రం కాగానే ఏటి ఒడ్డు చెట్ల మీదికి నిద్రకు చేరుకుంటాయి. ఒకవైపు నీరు ఉంటే శత్రువు వచ్చే దారులు తగ్గుతాయి కదా! అందుకే సాయంత్రం పడవలో వెళ్లేవారికి ఇన్ని కోతులు కనబడతాయి. నా లెక్కలోని మొదటి మోసం ఇదే. కోతులు సరిగ్గా నిద్రకు చేరే వేళ, చేరే చోటనే నేను లెక్కపెట్టాను.

నడిచి చూస్తే తెలిసింది

మర్నాడు ఉదయం పాక్‌చిక్ “చిక్‌గూ, ఈరోజు పడవ వద్దు, నడుద్దాం” అన్నారు. మోకాళ్ల దాకా బిగుతైన గుడ్డ మేజోళ్లు తొడిగించారు. అవి జలగల కోసం. ఆ అడవిలో జలగలు నీటిలోనే కాదు, ఆకుల మీదా ఉంటాయి. మన అడుగుల అదురును, ఒంటి వేడిని పసిగట్టి ఆకు అంచున నిలబడి తలలు ఊపుతాయి. కరచినా చాలాసార్లు నొప్పి తెలియదు. జలగ లాలాజలంలో రక్తం గడ్డకట్టనివ్వని పదార్థాలు ఉంటాయి. అందుకే అది ఊడిపోయాక కూడా చాలాసేపు రక్తం కారుతుంది. నా మెడమీద ఒకటి తిని తృప్తిగా రాలిపోయింది.

ఏటికి వీపు పెట్టి లోపలికి నడిచాం. తలెత్తితే ఆకాశం కనబడని చెట్లు. మర్రి, జువ్వి జాతి చెట్ల ఊడలు. ఎక్కడో హార్న్‌బిల్ రెక్కల చప్పుడు ఆవిరి ఇంజనులా వినిపించింది. మన తూర్పు కనుమల్లోనూ హార్న్‌బిల్ పక్షులు ఉన్నాయి. బోర్నియోలో ఎనిమిది రకాలున్నాయి. ఆడపక్షి చెట్టు తొర్రలో గుడ్లు పెట్టి, సన్నని చీలిక మాత్రం వదిలి ద్వారం మూసుకుంటుంది. ఆ చీలికగుండా మగపక్షి ఆహారం అందిస్తుంది. కనుక పెద్ద తొర్ర ఉన్న ముసలి చెట్టు లేకపోతే ఈ పక్షికి సంసారమే లేదు.

పదిహేను నిమిషాలు నడిచామో లేదో, ముందు వెలుతురు కనబడింది. ఇంకో పది అడుగులు వేసేసరికి అడవి అయిపోయింది! ఎదురుగా కొలబద్ద పెట్టి గీసినట్లు వరసలుగా పామాయిల్ చెట్లు. కనుచూపు మేర అవే. “ఇంతే మా అడవి” అన్నారు పాక్‌చిక్.

వేసవిలో మా ఊరి చెరువు ఎండిపోయే రోజులు గుర్తుకు వచ్చాయి. చివరకు నడుమ ఒక మడుగు మిగులుతుంది. అందులో చేపలు కిక్కిరిసి ఉంటాయి. చిన్నప్పుడు మేము “అబ్బో, ఎన్ని చేపలో!” అని గంతులు వేసేవాళ్లం. నిజానికి చేపలు పెరిగాయా? లేదు. నీరు తగ్గింది. కినబటాంగన్ సంగతీ అంతే. జంతువులు పెరిగి కాదు, అడవి తరిగి అవి ఏటి ఒడ్డున కూడుకున్నాయి.

సబాలో ఇరవయ్యవ శతాబ్దపు రెండవ సగంలో మొదట కలప కోసం పెద్ద చెట్లను కొట్టారు. ఆ తరువాత ఆ నేలలో పామాయిల్ వేశారు. పల్లపు ఒడ్డును తరచు వరద ముంచుతుంది. నీరు నిలిచే నేలలో పామాయిల్ చెట్టు సరిగా బతకదు. అక్కడ అడవి మిగలడానికి అదొక కారణం. 2005లో సబా ప్రభుత్వం ఇక్కడ సుమారు 26 వేల హెక్టార్లను, అంటే దాదాపు 64 వేల ఎకరాలను, వన్యప్రాణి సంరక్షణ కేంద్రంగా ప్రకటించింది. అయితే అది ఒకే పెద్ద అడవి కాదు. ఏటి వెంట పరచిన పది ముక్కలు.

గూళ్లను బట్టి జంతువుల లెక్క

మరి కంటికి కనబడినదాన్ని నమ్మకూడదంటే, శాస్త్రజ్ఞులు ఒరాంగుటాన్లను ఎలా లెక్కిస్తారు? వాటి గూళ్లను లెక్కిస్తారు! ఒరాంగుటాన్ దాదాపు రోజూ సాయంత్రం చెట్టుమీద కొమ్మలు వంచి, ఆకులు పరచి కొత్త పడక కట్టుకుంటుంది. పిల్ల తల్లి గూటిలోనే పడుకుంటుంది.

ఒక చిన్న లెక్క చేద్దాం. ఒక్కో జంతువు రోజుకు ఒక గూడు కడుతుందనుకుందాం. గూడు వాడిపోయి రాలిపోవడానికి 100 రోజులు పడుతుందనుకుందాం. అప్పుడు ఒక జంతువుకు ఏ రోజు చూసినా అడవిలో 100 గూళ్లు ఉంటాయి. మీకు 500 గూళ్లు కనబడితే జంతువులు ఎన్ని? అయిదే! గూళ్లను చూసి 500 అనుకుంటే ఎంత పొరపాటు!

ఒరాంగుటాన్ తల్లి ఒక పిల్లను కన్నాక మళ్లీ కనడానికి సుమారు ఏడెనిమిదేళ్లు పడుతుంది. కనుక పోయిన జంతువు లోటు తీరడం చాలా కష్టం. పైగా ఇవి ఈదలేవు. పూర్వం చిన్న ఏరులకు ఇరువైపులా ఉన్న మహావృక్షాల కొమ్మలు పైన కలిసేవి. ఆ కొమ్మల మీదుగానే ఏరు దాటేవి. చెట్లు పోయాక వంతెనలూ పోయాయి. ఒక ముక్కలోవి మరో ముక్కలోకి పోలేకపోతే, కొన్ని తరాలకు దగ్గరి రక్తసంబంధం ఉన్నవే జతకడతాయి. జాతి బలహీనమవుతుంది. అందుకని పాత అగ్నిమాపక గొట్టాలతో, తాళ్లతో ఏరులపై వంతెనలు కట్టారు. 2010లో ఒక ఒరాంగుటాన్ అలాంటి వంతెన దాటుతుండగా తీసిన ఫొటో అందరికీ ధైర్యం ఇచ్చింది.

మేము నాటిన మొక్కలు

గొట్టాల వంతెన తాత్కాలికం. శాశ్వతమైన వంతెన చెట్టే. అడవి ముక్కల నడుమ చెట్లు పెంచి వాటిని కలపాలి. అదే మా పని. పల్లె మహిళలు నర్సరీలో పెంచిన మొక్కలను మోసుకెళ్లి, గడ్డి కోసి, గుంటలు తీసి నాటాం. వాటిలో ఒక ఆకు నాకు ఎక్కడో చూసినట్లు తోచింది. అక్కడివారు ‘లరాన్’ అంటున్నారు. శాస్త్రీయనామం అడిగితే తెలిసింది, అది మన కదంబం! బంతిలాంటి పూలు పూసే ఆ కడిమి చెట్టే. త్వరగా ఎదుగుతుంది కనుక అక్కడ దాన్ని ముందుగా నాటుతారు.

మూడురోజుల్లో నేను 60 మొక్కలు నాటాను. నాలుగవ రోజు ఉదయం వెళ్లి చూస్తే సగానికి పైగా నేలమట్టం! బురదలో పళ్లేలంత అడుగుజాడలు. రాత్రి ఏనుగులు వచ్చాయి. బోర్నియో ఏనుగు మన ఏనుగు కంటే చిన్నది. ఇప్పుడు అడవుల్లో సుమారు వెయ్యి మాత్రమే ఉన్నాయని అంచనా. 2024లో దీన్ని అంతరించే ప్రమాదంలో ఉన్న జంతువుల జాబితాలో విడిగా చేర్చారు.

నాకు ఏడుపు వచ్చినంత పనైంది. పాక్‌చిక్ మాత్రం శాంతంగా అన్నారు: “చిక్‌గూ, ఇది వాటి దారి. మనమే దారిలో నాటాం. దారి వదిలి నాటుదాం.” పల్లె మహిళలు అప్పటికే కొత్త గుంటలు తీస్తున్నారు. వాళ్లకు ఇది మొదటిసారి కాదు. నాటడం ఒకనాటి పని, తీగలు కోస్తూ గడ్డి తీస్తూ ఏళ్ల తరబడి కాపాడడం అసలు పని అని వాళ్లను చూసి నేర్చుకున్నాను.

తప్పు ఎవరిది?

అయితే పామాయిల్ చెట్టు రాక్షసి అనుకుందామా? అదీ తొందరపాటే. హెక్టారుకు ఏడాదికి మూడు టన్నులకు పైగా నూనె ఇచ్చే పంట మరొకటి లేదు. అంత నూనె పొద్దుతిరుగుడుతోనో సోయాతోనో తీయాలంటే ఎన్నోరెట్లు ఎక్కువ నేల కావాలి. పామాయిల్‌ను అత్యధికంగా దిగుమతి చేసుకునే దేశం మనదే. బిస్కెట్లలో, సబ్బుల్లో, వంటనూనెలో అది ఉంది. మన దేశంలో దీన్ని ఎక్కువగా పండించేది ఆంధ్రప్రదేశ్. కనుక ప్రశ్న ఏ చెట్టు అని కాదు, ఏ నేలలో అని. అడవి నరికి వేసిన తోట వేరు, సాగునేలలో వేసిన తోట వేరు.

సెలవు రోజున మీరూ ఒక పని చేయండి. మీ ఊరి చెరువు దగ్గర కొంగలను లెక్కపెట్టండి. నెలకొకసారి, ఒకే వేళకు. లెక్క పక్కనే చెరువులో నీరు ఎంతవరకు ఉందో కూడా రాయండి. ఏ నెలలోనైనా కొంగలు హఠాత్తుగా పెరిగితే వెంటనే సంబరపడకండి. పక్కగడిలో నీటి లెక్క చూసి, అప్పుడు చెప్పండి.