ఫోర్ వీల్ బండికి ఒక్క ఆయిల్ కాదు, అయిదు

వానలు దిగకముందే ప్రతి ఇంటివారూ చూసుకోవలసిన విషయం ఒకటుంది కనుక ఈసారి సమావేశాల కబుర్లు పక్కన పెట్టి బండి గురించి రాస్తున్నాను.

మన కొరాపుట్, జైపూర్, రాయగడ వైపు ఉన్న తెలుగు ఇళ్లకు జీపు విలాసం కాదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా ఈ సీమ విశాఖపట్నం జిల్లాలో భాగం. సాలూరు ఘాట్ ఎక్కి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ కుటుంబాలు మనలో ఎన్నో. మహీంద్రావారు విల్లీస్ జీపులు బిగించడం మొదలుపెట్టాక, కొండ దారుల్లో ఎడ్లబండి చేసే పని క్రమంగా జీపు అందుకుంది. ఈనాటికీ సంతకు సరుకు తోలాలన్నా, కాఫీ తోటకు కూలీలను తీసుకెళ్లాలన్నా, అర్ధరాత్రి పురిటి నొప్పులు వచ్చిన మనిషిని కొండమీది ఊరినుంచి దింపాలన్నా ఈ బండే దిక్కు. అలాంటి బండి గెడ్డ మధ్యలో మొరాయిస్తే నష్టం డబ్బుతో పోయేది కాదు.

చాలామంది బండిని షెడ్డులో వదిలి, సాయంత్రం "మేస్త్రీగారూ, ఆయిల్ మార్చారా?" అని అడుగుతారు. "మార్చేశానండీ" అంటాడాయన. అది అబద్ధం కాదు, ఇంజన్ ఆయిల్ మార్చాడు. కానీ నాలుగు చక్రాలకూ బలం వెళ్లే బండిలో ఇంకా నాలుగుచోట్ల ఆయిల్ ఉంటుంది. గేర్ బాక్సులో ఒకటి, దాని వెనక ఉండే ట్రాన్స్‌ఫర్ కేసులో ఒకటి, ముందు ఇరుసు హౌసింగ్‌లో ఒకటి, వెనక ఇరుసు హౌసింగ్‌లో ఒకటి. పేరు పెట్టి అడగకపోతే వీటి మూతలు ఎవరూ విప్పరు. ఏళ్లు గడిచిపోతాయి.

నీళ్లు ఎలా దూరతాయి

ఘాట్ ఎక్కి వచ్చిన బండి ఇరుసు వేడిగా ఉంటుంది. ఆ వేడిమీదే గెడ్డలోకి దిగితే హౌసింగ్ ఒక్కసారిగా చల్లబడుతుంది, లోపలి గాలి కుంచించుకుపోయి బయటినుంచి పీల్చుకుంటుంది. ఆ పీల్పు కోసమే హౌసింగ్ పైన బ్రీదర్ అనే చిన్న గొట్టం పెడతారు. దానికి బురద పట్టి మూసుకుపోతే, గాలికి బదులు ఆయిల్ సీలు సందులోంచి నీళ్లు లోపలికి వస్తాయి. నీళ్లు కలిసిన ఆయిల్ పాలు కలిపిన కాఫీ రంగుకు తిరుగుతుంది. అది పళ్లచక్రాలను కాపాడలేదు. బేరింగులు తుప్పు పడతాయి, కొన్నాళ్లకు మోత మొదలవుతుంది. మోత వినబడే వేళకు ఖర్చు ఆయిల్ డబ్బాతో ఆగదు, క్రౌన్ వీల్ దాకా వెళ్తుంది.

అందుకని చక్రం నడిమి బొడ్డు మునిగేంత నీళ్లు దాటిన ప్రతిసారీ, ఆ వారంలోనే రెండు ఇరుసుల ఆయిలూ ట్రాన్స్‌ఫర్ కేసు ఆయిలూ చూపించండి. రంగు మారితే కిలోమీటర్లు లెక్కపెట్టకుండా మార్చెయ్యండి. నీళ్లలోకి దిగని బండికి కంపెనీ పుస్తకంలో చెప్పిన గడువు చాలు. ఏ ఆయిల్ పొయ్యాలో కూడా ఆ పుస్తకమే చెప్పాలి. కొన్ని ట్రాన్స్‌ఫర్ కేసులకు గేర్ ఆయిల్ పోస్తారు, కొన్నింటికి వేరే రకం. పక్కింటి బండిలో పోసినదే మనదానిలో పొయ్యకూడదు.

షెడ్డులో ఒక సంగతి గమనించండి. కిందనున్న ఆయిల్ వదిలే మూత విప్పేముందు, పక్కనున్న పోసే మూత విప్పించండి. తుప్పు పట్టి పోసే మూత రాకపోతే, పాత ఆయిల్ వదిలేసిన బండి అక్కడే కూలబడుతుంది. సాధారణంగా సమంగా ఉన్న నేలమీద బండి నిలిపి, పోసే రంధ్రం కింది అంచుదాకా ఆయిల్ ఉంటే సరిపోయినట్టు.

గ్రీజు, బ్రేకులు

ఫోర్ వీల్ బండికి ప్రొపెల్లర్ షాఫ్టులు రెండు. రెండింటి చివరలా క్రాసులు, మధ్యలో జారే జాయింటు ఉంటాయి. గ్రీజు నిపుల్ ఉన్న ప్రతిచోటా, క్రాసులకైతే పాత గ్రీజు బయటికి వచ్చేదాకా గన్‌తో కొట్టించాలి. కొండ దారి బండికి 5,000 కిలోమీటర్లకోసారి, వానాకాలంలో అంతకంటే ముందే. వెనక్కీ ముందుకీ గేరు మార్చేటప్పుడు కింద "టక్" మని వినిపిస్తే ముందు క్రాసులు చూపించండి.

బ్రేక్ ఆయిల్ గాలిలోని చెమ్మను పీల్చుకుంటుంది. చెమ్మ పట్టిన ఆయిల్ తక్కువ వేడికే మరుగుతుంది. సుంకి ఘాట్ దిగుతూ పదేపదే బ్రేకు తొక్కితే ఆయిల్ మరిగి ఆవిరి బుడగలు కడుతుంది, పెడల్ మెత్తగా కిందికి దిగిపోతుంది. బండి ఎంత తక్కువ తిరిగినా రెండేళ్లకోసారి దీన్ని మార్చాలి. తారు రోడ్డు ఘాట్ దిగేటప్పుడు తక్కువ గేరులో ఇంజన్ పట్టుమీదనే దిగడం మరో జాగ్రత్త. వెనక డ్రమ్ములున్న బండ్లలో బురద లోపల గట్టిపడి లైనర్లను తినేస్తుంది. వానాకాలంలో ఒకసారి, తర్వాత ఒకసారి డ్రమ్ములు విప్పించి కడిగించండి. గెడ్డ దాటి గట్టెక్కాక మెల్లగా నడుపుతూ బ్రేకు కొద్దికొద్దిగా తొక్కితే తడి ఆరుతుంది.

ఆ చిన్న గేరు కర్ర

పాత బండ్లలో పక్కనుండే చిన్న గేరు కర్రకైనా, కొత్తవాటిలో ఉండే మీటకైనా మూడు స్థానాలు ముఖ్యం: టూ హై, ఫోర్ హై, ఫోర్ లో. మన దగ్గరున్న జీపుల్లో చాలావాటికి ముందు, వెనక షాఫ్టుల మధ్య వేగం తేడాను సర్దే ఏర్పాటు ఉండదు. మలుపు తిరిగేటప్పుడు ముందు చక్రాలు ఎక్కువ దూరం, వెనక చక్రాలు తక్కువ దూరం తిరుగుతాయి. బురదలో టైరు కాస్త జారి ఆ తేడా సర్దుకుంటుంది. ఎండిన తారుమీద జారదు కనుక ఆ బిగువంతా ట్రాన్స్‌ఫర్ కేసు మీద, క్రాసుల మీద పడుతుంది. స్టీరింగ్ బరువెక్కుతుంది, టైర్లు అరుగుతాయి. కాబట్టి ఎండిన తారుమీద ఫోర్ వీల్ వెయ్యకూడదు.

అలాగని ఏడాదంతా వెయ్యకుండా వదిలేస్తే అవసరం వచ్చిననాడు అది పడదు. నెలకోసారి మట్టి దారిలో పది కిలోమీటర్లు ఫోర్ హైలో నడపండి. ముందు ఇరుసులో ఆయిల్ తిరుగుతుంది, కర్ర పట్టెయ్యదు. ముందు చక్రాల బొడ్లు చేత్తో తిప్పి లాక్ చేసే పాత బండ్లలో రెండు వైపులా తిప్పి చూసుకోవాలి, ఒకవైపే లాకైతే లాభం లేదు.

ఇదే కారణంగా నాలుగు టైర్లూ ఒకే సైజు, ఇంచుమించు ఒకే అరుగుదల ఉండాలి. ముందు రెండు కొత్తవి, వెనక రెండు అరిగినవి వేస్తే చుట్టుకొలత తేడా వస్తుంది, ఆ భారం మళ్లీ ట్రాన్స్‌ఫర్ కేసుదే. 10,000 కిలోమీటర్లకోసారి స్టెప్నీతో సహా చోటు మార్పించండి. చట్టం ప్రకారం టైరు గాడి లోతు కనీసం 1.6 మిల్లీమీటర్లు ఉండాలి. మన బురదకు అది చాలదు, అంతదాకా ఆగకండి.

దుమ్ము, డీజిల్

ఎండాకాలపు ఎర్రదుమ్ము ఎయిర్ ఫిల్టర్‌ను మూసేస్తుంది. కాగితపు ఫిల్టర్‌ను నీళ్లతో కడగకండి. లోపలినుంచి బయటికి, తక్కువ ఒత్తిడి గాలితో ఊదించండి. చిరిగితే మార్చెయ్యండి. పాత జీపుల్లో కింద ఆయిల్ గిన్నె ఉండే ఫిల్టర్ అయితే గిన్నె కడిగి కొత్త ఆయిల్ పొయ్యాలి. డీజిల్ ఫిల్టర్ అడుగున నీళ్లు వదిలే మర ఉంటే వానాకాలంలో నెలకోసారి తిప్పి వదిలించండి.

లెక్క రాసుకుంటే

గుమాస్తాగా పనిచేసినవాణ్ణి కనుక నాకు తెలిసిన మందు ఒక్కటే, రిజిస్టరు. ఇంటి లెక్కల పుస్తకంలో ఒక పేజీ బండికి కేటాయించండి. ఎడమవైపు ఇలా రాయండి: ఇంజన్ ఆయిల్, గేర్ బాక్సు ఆయిల్, ట్రాన్స్‌ఫర్ కేసు ఆయిల్, ముందు ఇరుసు ఆయిల్, వెనక ఇరుసు ఆయిల్, బ్రీదర్లు, గ్రీజు, బ్రేక్ ఆయిల్, డ్రమ్ములు, టైర్ల మార్పు, ఎయిర్ ఫిల్టర్, డీజిల్ ఫిల్టర్. ప్రతిదాని ఎదుటా తేదీ, మీటరులోని కిలోమీటర్లు, మళ్లీ ఎప్పుడు అన్నవి మూడు గళ్లు. గెడ్డ దాటిన రోజు కూడా రాయండి. షెడ్డుకు వెళ్లేటప్పుడు పేజీ ఫొటో తీసి పట్టుకెళ్తే "ఆయిల్ మార్చారా" అని కాక "వెనక ఇరుసుది మార్చారా" అని అడగగలరు.

బండి నడిపేది ఇప్పుడు మన పిల్లలే. వాళ్లలో చాలామందికి ఒడియా, ఇంగ్లీషు వచ్చినంతగా తెలుగు చదవడం రాదు. అలాంటి ఇళ్లలో పెద్దవారు ఇది చదివి వినిపించి, ఆ పేజీ పిల్లలచేతే, వాళ్లకు వచ్చిన లిపిలోనే రాయించండి. ఏ లిపిలో రాసినా ఫర్వాలేదు, గళ్లు ఖాళీగా ఉండకూడదు.