మనసుకు థర్మామీటర్ ఏది?

మీరు జ్వరంతో ఆసుపత్రిలో చేరారనుకోండి. నర్సు ఏం చేస్తుంది? థర్మామీటర్ పెట్టి చూస్తుంది. నాడి లెక్కిస్తుంది. రక్తపోటు కొలుస్తుంది. ఆ అంకెలన్నీ చార్టులో రాస్తుంది. డాక్టరు ఆ చార్టు చూసి జ్వరం తగ్గుతున్నదో, పెరుగుతున్నదో ఇట్టే చెప్పేస్తారు.

మరి జబ్బు మనసుకు వస్తే? దిగులును ఎన్ని డిగ్రీలని చెప్పాలి? భయాన్ని ఏ సాధనంతో కొలవాలి? అటువంటి థర్మామీటర్ ఇంతవరకూ లేదు. మానసిక వైద్యశాలలో నర్సుకు ముఖ్యమైన పరికరాలు మూడే: కళ్ళు, చెవులు, మాట.

ఈ సంగతిని 200 ఏళ్ళ కిందటే ఆచరణలో చూపిన ఒక మనిషి కథ వినండి. ఆయన డాక్టరు కాదు. ఫ్రాన్సు దేశంలో తోళ్ళు ఊనే పనివాడు. పేరు ప్యూసిన్. మెడ గ్రంథులకు క్షయ సోకి, పారిస్ దగ్గర ఉన్న బిసెత్ర్ ఆసుపత్రిలో చేరాడు. నయమయ్యాక అక్కడే పనికి కుదిరి, మానసిక రోగుల వార్డుకు అధికారి అయ్యాడు. ఆ రోజుల్లో అటువంటి రోగులను ఇనుప గొలుసులతో కట్టేసేవారు. ప్యూసిన్ తన కింది పనివాళ్ళు రోగులపై చెయ్యి చేసుకోకూడదని కట్టడి చేశాడు. జబ్బు నయమైనవారినే ఏరి పనిలో పెట్టుకున్నాడు. ఆ బాధ పడినవారికి తోటివారి బాధ తెలుస్తుంది కదా! చివరకు 1797లో గొలుసులు తీయించాడు. ఈ ఘనత చాలా పుస్తకాలలో పినెల్ అనే ప్రసిద్ధ వైద్యునికి దక్కింది. కాని ఆ పినెల్ కూడా ప్యూసిన్ దగ్గర ఎంతో నేర్చుకున్నాడు.

ఇప్పుడు నేటి వార్డులోకి వెళదాం. ఒక పెద్దావిడ చెవులు మూసుకుని, "ఎవరో నన్ను తిడుతున్నారు" అంటున్నది. అక్కడ ఎవరూ లేరు. "అంతా మీ భ్రమ" అంటే ఆమె ఇక నోరు విప్పదు. "అవును, నాకూ వినపడుతున్నది" అంటే అబద్ధం, పైగా జబ్బుకు బలం. శిక్షణ పొందిన నర్సు ఇలా అంటుంది: "నాకైతే ఏమీ వినపడటం లేదమ్మా. కాని మీకు భయంగా ఉన్నదని తెలుస్తున్నది. నేను మీ దగ్గరే కూర్చుంటాను." చూశారా, నిజం తప్పలేదు, మనిషినీ వదల్లేదు. నర్సుకూ రోగికీ మధ్య కుదిరే ఈ నమ్మకమే చికిత్సలో భాగమని 1952లో అమెరికా నర్సు హిల్డెగార్డ్ పెప్లౌ ఒక గ్రంథంలో వివరించింది.

మాట ఒక్కటే చాలదు. ఆ రోగి ఎన్ని గంటలు నిద్రపోయింది, ఎంత తిన్నది, ఎవరితో మాట్లాడింది, ఇవన్నీ నర్సు రోజూ రాస్తుంది. మందుల మీద కూడా కన్ను వేసి ఉంచాలి. ఉదాహరణకు, ఉద్రేకం, దిగులు మారి మారి వచ్చే జబ్బుకు లిథియం లవణాలు ఇస్తారు. ఆవర్తన పట్టికలో లిథియం, సోడియం ఒకే గ్రూపులో ఉన్నాయని మీరు చదివారు. ఒంట్లో నీరు, ఉప్పు తగ్గినప్పుడు మూత్రపిండాలు సోడియంతో పాటు లిథియంను కూడా బయటికి పోనీయవు. రక్తంలో అది కాస్త మించినా విషమే. అందుకే రోగికి వాంతులు, విరేచనాలు పట్టుకున్నా, చేతులు బాగా వణికినా, నడక తూలినా నర్సు వెంటనే డాక్టరుకు చెబుతుంది. రక్తపరీక్ష చేయిస్తారు.

గొలుసుల కథ ఫ్రాన్సుతో ముగిసిపోలేదు. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో ఒక ఆశ్రమానికి నిప్పంటుకున్నది. గొలుసులతో కట్టేసి ఉన్న రోగులు పారిపోలేక 28 మంది చనిపోయారు. మన దేశంలో 2017లో చేసిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగులను గొలుసులతో కట్టడాన్ని పూర్తిగా నిషేధించింది.

ఇక మీ సంగతి. మీ తరగతిలో ఎప్పుడూ గలగలలాడే నేస్తం కొన్ని రోజులుగా ముభావంగా ఉంటే, అన్నం డబ్బా విప్పకపోతే, నవ్వకండి, పేర్లు పెట్టకండి. పక్కన కూర్చుని చెప్పింది వినండి. ప్రాణం తీసుకోవాలనే మాట నోట వస్తే, "ఎవరికీ చెప్పకు" అని ఒట్టు పెట్టినా సరే, ఇంట్లో పెద్దలకో, టీచరుకో ఆ క్షణమే చెప్పండి. 14416 అనే నంబరుకు ఫోను చేస్తే ప్రభుత్వ టెలీ మానస్ సేవ ద్వారా ఉచితంగా సలహా దొరుకుతుంది. మనసుకు థర్మామీటర్ లేదు. కాని చూసే కళ్ళు, వినే చెవులు మీకూ ఉన్నాయి.