పక్క సీటులోని పొరుగువాడు

2021 జనవరి 10. సిడ్నీ మైదానంలో భారత్, ఆస్ట్రేలియాల మధ్య మూడో టెస్టు నాలుగో రోజు ఆట జరుగుతోంది. బౌండరీ దగ్గర ఫీల్డింగ్ చేస్తున్న మన హైదరాబాద్ కుర్రాడు మహమ్మద్ సిరాజ్ వెనుక గ్యాలరీలోంచి కొందరు తనను జాతి పేరుతో దూషిస్తున్నారని కెప్టెన్ రహానేకు, అంపైర్లకు ఫిర్యాదు చేశాడు. అంతకు ముందు రోజూ అదే జరిగిందని జట్టు అప్పటికే చెప్పింది. ఆట దాదాపు పది నిమిషాలు ఆగిపోయింది. ఆటో నడిపి తనను ఇంతవాణ్ణి చేసిన తండ్రి చనిపోయి అప్పటికి రెండు నెలలైనా నిండలేదు. కడసారి చూపు కూడా వదులుకొని జట్టుతోనే ఉండిపోయిన కొడుకుకు ఆ గ్యాలరీ ఇచ్చిన ఓదార్పు అది!

మైదానం విడిచి వెళ్లవచ్చని అంపైర్లు చెప్పినా, తాము ఏ తప్పూ చేయలేదు కనుక ఆడతామని రహానే బదులిచ్చాడని సిరాజ్ తర్వాత చెప్పాడు. తొమ్మిది రోజులకు బ్రిస్బేన్‌లో భారత్ సిరీస్ గెలిచింది. ఆ టెస్టు రెండో ఇన్నింగ్స్‌లో సిరాజ్ 5 వికెట్లు తీశాడు. హైదరాబాద్‌లో దిగగానే విమానాశ్రయం నుంచి నేరుగా తండ్రి సమాధి దగ్గరికి వెళ్లాడు.

అయితే ఈ ఉదంతంలో చాలామంది మరచిపోయిన విషయం ఒకటుంది. ఆ రోజు ఆరుగురు ప్రేక్షకులను బయటికి పంపారు. క్రికెట్ ఆస్ట్రేలియా క్షమాపణ చెప్పింది, విచారణ జరిపింది. భారత ఆటగాళ్లపై జాతి దూషణ జరిగిన మాట నిజమేనని, కానీ ఆ మాటలన్నది ఆ ఆరుగురు కాదని ఆ విచారణలో తేలింది. మరి అన్నదెవరు? కెమెరాలు చెప్పలేకపోయాయి. కోవిడ్ ఆంక్షల వల్ల స్టేడియంలో నాలుగో వంతు సీట్లకే ప్రేక్షకులను అనుమతించారు. బౌండరీ దాకా వినబడిన మాట పక్క సీటుకు వినబడలేదా? విన్నవారు అక్కడికక్కడే లేచి 'అది తప్పు' అని ఎందుకు ఆపలేకపోయారు?

యేసుప్రభువు చెప్పిన మంచి సమరయుని ఉపమానం అందరికీ తెలుసు. దొంగలు కొట్టి పడేసిన మనిషిని చూసిన యాజకుడు, లేవీయుడు అతణ్ణి ఒక్క దెబ్బ కూడా కొట్టలేదు. చూశారు, పక్కగా వెళ్లిపోయారు, అంతే. అయినా రెండు వేల ఏళ్లుగా లోకం వారిని నిర్దోషులనలేదు. ఆగి గాయాలు కట్టినవాడు యూదులు అంటరానివాడిగా చూసిన సమరయుడు. పొరుగువాడంటే మన జాతివాడు, మన జట్టువాడు కాదని, ఆపదలో ఉన్నవాడి దగ్గర ఆగేవాడని ప్రభువు అలా తేల్చిచెప్పాడు.

సిడ్నీని తప్పుపట్టడం మనకు తేలికే. కానీ 2007 అక్టోబరులో మన దేశంలోనే వడోదరలో, ఆ తర్వాత ముంబైలో ఆస్ట్రేలియా ఆటగాడు ఆండ్రూ సైమండ్స్‌ను చూసి కోతి అరుపులు అరిచింది, కోతి చేష్టలు చేసింది మన అభిమానులే. ముంబైలో నలుగురిని పోలీసులు పట్టుకున్నారు. నలుగురేనా అరిచింది? వారి చుట్టూ ఉండి నవ్వినవారి లెక్క ఏ పోలీసు స్టేషన్‌లోనూ లేదు. మన కుర్రాణ్ణి అంటే కన్నీళ్లు, పరాయివాణ్ణి మనం అంటే సరదా! దేవుని త్రాసులో ఆ రెండింటికీ వేర్వేరు తూనికరాళ్లు ఉండవు.

అభిమానులు తలచుకుంటే ఏం చేయగలరో కూడా లోకం చూసింది. 2021 జులై 11న యూరో ఫుట్‌బాల్ ఫైనల్లో పెనాల్టీలు తప్పిన రాష్‌ఫర్డ్, సాంచో, సాకా అనే ముగ్గురు నల్లజాతి ఇంగ్లండ్ కుర్రాళ్లపై ఇంటర్నెట్‌లో జాతి దూషణలు వెల్లువెత్తాయి. మాంచెస్టర్‌లో గోడమీద ఉన్న రాష్‌ఫర్డ్ చిత్రంపై ఎవరో పిచ్చిరాతలు రాశారు. తెల్లవారాక ఆ ఊరి జనం, చిన్నపిల్లలతో సహా, ప్రేమతో రాసిన చీటీలు, కాగితపు హృదయాలు, జెండాలు తెచ్చి ఆ రాతలు కనబడకుండా గోడంతా అంటించారు. ఎవరు పాడుచేశారో తెలిసేదాకా వారు ఆగలేదు. తప్పు తమది కాకపోయినా బాగుచేసే బాధ్యత తమదనుకున్నారు.

రేపు ఉప్పల్‌లోనో, విశాఖలోనో మనమూ గ్యాలరీలో కూర్చుంటాం. మన పిల్లవాడు మన పక్కనే ఉంటాడు. ముందు వరుసలో ఎవడో బౌండరీ దగ్గరున్న నల్లజాతి ఆటగాణ్ణి ఎగతాళి చేస్తాడు. అప్పుడు పిల్లవాడు మైదానం వైపు చూడడు, మన ముఖం వైపు చూస్తాడు. మనం నవ్వితే వాడూ నవ్వడం నేర్చుకుంటాడు. మనం లేచి 'బాబూ, ఆ మాట వద్దు' అంటే వాడు జీవితాంతం గుర్తుంచుకునే పాఠం అదే. ఆ ఒక్క మాటకు పెద్ద ధైర్యమే కావాలి. కానీ నోరు జారినవాడిని అడిగినట్టే, నోరు మూసుకున్నవాడినీ దేవుడు లెక్క అడుగుతాడు!